స్టేషన్‌లో వదిలేశాక వచ్చిన వారెంట్: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: పక్కింటివాళ్లతో జరిగిన గొడవలో మా తమ్ముడి మీద కేసు పెట్టారు. ఆ రోజు స్టేషన్‌కు తీసుకెళ్లి, ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, మా మేనమామ పూచీ మీద సాయంత్రానికి వదిలేశారు. తర్వాత పెద్దమనుషుల మధ్య రాజీ కూడా అయింది. తమ్ముడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు. రెండేళ్లు దాటింది. మొన్న కానిస్టేబుల్ ఇంటికొచ్చి నాన్ బెయిలబుల్ వారెంట్ ఉందని, మనిషి కనబడితే తీసుకెళ్తామని చెప్పాడు. పోలీసులే వదిలేశాక వారెంట్ ఎలా వస్తుంది? స్టేషన్‌లో మాట్లాడి సర్దేస్తానని ఒకాయన అంటున్నాడు. ముందస్తు బెయిలు వేయమని ఇంకొకరు చెబుతున్నారు. మాకు ఏం పాలుపోవడం లేదు.

జవాబు: పోలీసులు వదిలేయడం వేరు, కేసు ముగియడం వేరు. స్టేషన్ నుంచి మీ తమ్ముణ్ని పంపించారంటే, దర్యాప్తు జరిగినన్నాళ్లు అతను లోపల ఉండనక్కర్లేదని అనుకున్నారు, అంతే. ఆ తర్వాత గాయాల సర్టిఫికెట్ వస్తుంది, సాక్షుల వాంగ్మూలాలు రాసుకుంటారు, ఛార్జిషీటు కోర్టులో వేస్తారు. మెజిస్ట్రేటు దాన్ని విచారణకు తీసుకుని సీసీ నంబరు, అంటే కోర్టు కేసు నంబరు, ఇస్తారు. అక్కడి నుంచి ముద్దాయిని పిలిచేదీ, రాకపోతే వారెంట్ ఇచ్చేదీ కోర్టే.

ఈ పని నెలలు పట్టవచ్చు, ఏడాది దాటవచ్చు. 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో ఛార్జిషీటు వేయకపోతే కేసు పోతుందని చాలామంది నమ్ముతారు. ఆ గడువు జైల్లో ఉన్న ముద్దాయికి బెయిలు హక్కు కోసం పెట్టినది. బయట ఉన్నవాడి కేసు దానివల్ల పోదు. గడువు వేరే చోట ఉంది: ఏడాది దాటి మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరమైతే మూడేళ్లలోపు, ఏడాది లోపు శిక్ష ఉన్నదైతే ఏడాదిలోపు కేసు పడాలి. కొత్త చట్టంలో ఈ లెక్కకు చూసేది ఎఫ్‌ఐఆర్ నమోదైన తేదీ, కోర్టు కేసును విచారణకు తీసుకున్న తేదీ కాదు. మీ వకీలు చూడాల్సిన తేదీల్లో ఇదొకటి. కానీ వారెంట్ రద్దయ్యాక చూడాల్సినది.

ఛార్జిషీటు తర్వాత సమన్లు వెళ్తాయి. సాధారణంగా కానిస్టేబులే తీసుకెళ్తాడు, స్టేషన్‌లో ఆ రోజు రాయించిన చిరునామాకే తీసుకెళ్తాడు. మీ తమ్ముడు అప్పటికే బెంగళూరులో ఉన్నాడు. మనిషి లేకపోతే అదే ఇంట్లో ఉండే పెద్దవాళ్లెవరికైనా సమను ఇవ్వవచ్చు. పాత చట్టం సీఆర్‌పీసీలో ఇంటి మగవాళ్లకే ఇవ్వాలని ఉండేది, కొత్త చట్టం ఆ తేడా తీసేసింది. ఎవరూ తీసుకోకపోతే తలుపుకు అంటించవచ్చు. చాలాసార్లు జరిగేది ఇంకొకటి: 'ఈ చిరునామాలో లేడు' అని వెనక రాసి సమను తిప్పి పంపేస్తారు. రెండు మూడు వాయిదాలు అలా గడిచాక బెయిలబుల్ వారెంట్ (పూచీ ఇస్తే పోలీసే వదలగలిగేది), ఆ తర్వాత నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తాయి. ఇంట్లోవాళ్లకు మొదటిసారి తెలిసేది సరిగ్గా మీకు తెలిసినట్టే, కానిస్టేబుల్ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు.

రాజీ సంగతి. ఇక్కడే ఎక్కువ కుటుంబాలు దెబ్బతింటున్నాయి. పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం కోర్టుకు తెలియదు. ఫిర్యాదుదారుడు మనసు మార్చుకున్నా, రాజీకి వీలున్న సెక్షన్లలో అతను కోర్టుకు వచ్చి చెప్పి, మెజిస్ట్రేటు దాన్ని నమోదు చేస్తేనే కేసు ముగుస్తుంది. కొన్ని సెక్షన్లకు కోర్టు అనుమతి కూడా కావాలి. రాజీకి వీల్లేని సెక్షన్ ఒక్కటున్నా కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. ఇవేవీ జరగలేదు కాబట్టి మీ కేసు ఇంకా బతికే ఉంది.

ఆ రోజు పెట్టిన సంతకాలు దేనిమీదో తెలుసుకోండి, దాన్నిబట్టి ఇప్పటి పరిస్థితి మారుతుంది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు చేయకుండా ఇచ్చే హాజరు నోటీసు ఒకటి. దాన్ని ఇప్పటికీ 41ఏ నోటీసు అనే అంటారు; సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 35(3). కింద చట్టం పేరు లేకుండా చెప్పిన సెక్షన్లన్నీ ఈ సంహితవే. రెండోది స్టేషన్ బెయిలు: బెయిలబుల్ నేరంలో, అంటే బెయిలు హక్కుగా దొరికే నేరంలో, అరెస్టు చూపించి, బాండు రాయించుకుని, షూరిటీ తీసుకుని వదలడం. మీ మేనమామ పూచీ పడ్డారంటే ఇదే అయ్యుండాలి. తేడా ఏమిటంటే, నోటీసు తీసుకున్నవాడు ఏ బాండునూ తప్పినట్టు కాదు. బాండు రాసినవాడు పిలిచినప్పుడు వస్తానని మాటిచ్చి రానట్టు. అలా తప్పినవాడు మళ్లీ వచ్చినప్పుడు నేరం బెయిలబుల్ అయినా బెయిలు నిరాకరించే అధికారం 478(2) కింద కోర్టుకు ఉంది. బాండు సొమ్ము జప్తు చేసి మేనమామకు నోటీసు పంపే అధికారమూ ఉంది. సరైన కారణం లేకుండా రాకపోవడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చినది) 269 కింద ఏడాది వరకు శిక్ష పడే మరో నేరం. మామూలుగా మొదటిసారి తనంతట తాను వచ్చినవాడి మీద కోర్టు ఇంతదాకా వెళ్లదు. కానీ మేనమామకు కోర్టు నుంచి ఏదైనా కాగితం వచ్చిందేమో ఇవాళే అడగండి. కొందరు మొహమాటంతో చెప్పరు.

వారెంట్ పేరులో నాన్ బెయిలబుల్ అని ఉన్నంత మాత్రాన నేరం నాన్ బెయిలబుల్ కాదు. పట్టుకున్న పోలీసు తనంతట తాను వదలకూడదు, కోర్టు ముందే పెట్టాలి అని ఆ పేరుకు అర్థం. ఈ తేడా తెలియకే ముందస్తు బెయిలు సలహా వస్తుంది. ముందస్తు బెయిలు నాన్ బెయిలబుల్ నేరానికే. మీ తమ్ముడి సెక్షన్లు బెయిలబుల్ అయితే ఆ పిటిషన్ నిలబడదు, ఈలోగా వారెంట్ అలాగే ఉంటుంది. నాన్ బెయిలబుల్ సెక్షన్ ఉన్నా, ఛార్జిషీటు పడి, రాలేదని వారెంట్ ఇచ్చిన కేసులో దగ్గరి దారి వారెంట్ ఇచ్చిన కోర్టే. ముందస్తు బెయిలు గట్టిగా ఆలోచించాల్సింది రెండు సందర్భాల్లో. ఛార్జిషీటు ఇంకా వేయలేదు, తప్పించుకుని తిరుగుతున్నాడని పోలీసులు దర్యాప్తు దశలోనే వారెంట్ తెచ్చుకున్నారు, ఇది మొదటిది. వదిలేశాక పెద్ద సెక్షన్ కలిపారు, ఇది రెండోది. గాయం తీవ్రమైనదని డాక్టరు రాస్తే సెక్షన్ మారుతుంది. ఇప్పటికే బెయిలు మీద ఉన్నవాణ్ని కొత్త సెక్షన్ కోసం అరెస్టు చేయాలంటే పోలీసులు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలని ప్రదీప్ రామ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మీది ఏ రకమో కోర్టు ఇచ్చే సీసీ నంబరు ఉందా, స్టేషన్ ఇచ్చే క్రైమ్ నంబరే (ఎఫ్‌ఐఆర్ నంబరు) ఉందా అన్నది చూస్తే తెలిసిపోతుంది.

ముందు ఆ నంబరు పట్టుకోండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు, సంవత్సరంతో వెతకండి. ఎఫ్‌ఐఆర్ నంబరు గుర్తులేకపోతే పేరుతో వెతకవచ్చు. పేరు ఇంగ్లిషులో ఎలా పడితే అలా ఎక్కించి ఉంటారు, రెండు మూడు రకాల స్పెల్లింగులతో చూడండి. పెండింగులో లేకపోతే డిస్పోజ్డ్‌లో (ముగిసిన కేసుల్లో) కూడా చూడండి. ఒకే కేసులో నలుగురు ముద్దాయిలుండి ముగ్గురు హాజరైతే, రాని నాలుగోవాడి కేసును విడదీసి కొత్త నంబరు ఇస్తారు. చాలాకాలం మనిషి దొరకని కేసును లాంగ్ పెండింగ్ రిజిస్టరుకు మార్చేస్తారు. మిగతావాళ్ల మీద కేసు కొట్టేశారు కాబట్టి మనవాడిదీ పోయినట్టే అనుకుని ఊరుకున్నవాళ్లు ఈ విడిపోయిన నంబరు దగ్గరే చిక్కుకుంటారు. దొరికిన కేసుకు పదహారు అంకెలు, అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, రాసుకోండి. ఏ తేదీన వారెంట్ ఇచ్చారు, తర్వాతి వాయిదా ఎప్పుడు అన్నది అక్కడే కనబడుతుంది.

తర్వాత వకీలును పెట్టుకుని కోర్టు ఫైలు చూపించమనండి. సీసీ నంబరుతో పాటు తిరిగొచ్చిన సమన్ల వెనక ఏం రాశారో తెలియాలి, మీ పిటిషన్‌కు ప్రాణం అదే. 'చిరునామాలో లేడు' అని ఉంటే సమన్లు అసలు అందలేదని నేరుగా చెప్పవచ్చు. ఎవరో సంతకం పెట్టి తీసుకున్నట్టు ఉంటే ఆ సంతకం ఎవరిదో ముందే తేల్చుకోవాలి. అందలేదని అఫిడవిట్‌లో రాశాక ఇంట్లోవాళ్ల సంతకం బయటపడితే మెజిస్ట్రేటుకు ఇక ఏ మాటా నమ్మబుద్ధి కాదు. జ్వరమొచ్చిందని దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, ఆ దారిలో పోవద్దు. మీ దగ్గర నిజమైన కారణమే ఉంది: ఊరు మారాడు, కబురు అందలేదు. ఉద్యోగంలో చేరిన ఉత్తర్వు, బెంగళూరు అద్దె ఒప్పందం, తేదీలున్న బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు.

వేయాల్సింది వారెంట్ రీకాల్ పిటిషన్, అంటే వారెంట్‌ను రద్దు చేయమని అడిగేది. సురక్షా సంహితలో 72(2) సెక్షన్ కింద, పాత చట్టం కింద నడుస్తున్న కేసైతే సీఆర్‌పీసీ 70(2) కింద వేస్తారు. ఆ సెక్షన్ చెప్పేది ఒక్కటే: ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా వారెంట్ బతికే ఉంటుంది. ఏడాది గడిచిందనో, ఎస్సై మారాడనో అది చచ్చిపోదు. స్టేషన్‌లో సర్దేస్తానన్న పెద్దమనిషి మాటకు విలువ లేనిది కూడా అందుకే. వారెంట్ రద్దు చేసే అధికారం పోలీసుకు ఏ మాత్రం లేదు. డబ్బు తీసుకుని మహా అయితే 'మనిషి దొరకలేదు' అని రాసి పంపగలరు. అది మీకు మేలు చేయదు, చెరుపే చేస్తుంది. దొరకలేదన్న రిపోర్టులు పేరుకుంటే కోర్టు 84వ సెక్షన్ కింద 30 రోజులకు తగ్గని గడువుతో బహిరంగ ప్రకటన ఇస్తుంది, ఆస్తి జప్తుకు వెళ్లవచ్చు. ప్రకటన ఇచ్చాకా రాకపోతే న్యాయ సంహిత 209 కింద మూడేళ్ల వరకు శిక్ష పడే కొత్త కేసు. అసలు గొడవ కేసుకు అంత శిక్ష లేకపోవచ్చు కూడా.

వారెంట్ అమలు కాకముందే మీరే వెళ్తే మొగ్గు మీవైపు ఉంటుంది. సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాల ప్రకారం, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో, దర్యాప్తులో అరెస్టు కాకుండా సహకరించిన ముద్దాయికి మొదట సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంట్, ఆ తర్వాతే నాన్ బెయిలబుల్ వారెంట్ ఇవ్వాలి. వారెంట్ అమలు కాకముందే పిటిషన్ వేసి, వచ్చే వాయిదాకు స్వయంగా వస్తానని హామీ ఇస్తే, మనిషి ఎదుట లేకపోయినా దాన్ని రద్దు చేయవచ్చు, లేదా బెయిలబుల్ వారెంట్‌గా మార్చవచ్చు. మీ తమ్ముణ్ని ఆ రోజు అరెస్టు చూపించి స్టేషన్ బెయిలు ఇచ్చి ఉంటే 'అరెస్టు కాలేదు' అన్న మాట దగ్గర కోర్టు ఆగవచ్చు. అయినా సమన్లు, బెయిలబుల్ వారెంట్ చూడకుండా మామూలుగా నేరుగా నాన్ బెయిలబుల్ వారెంట్ ఇవ్వకూడదని ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. రెండు తీర్పులనూ పిటిషన్‌లో ప్రస్తావించమనండి. అయినా మనిషి ఎదుట నిలబడాల్సిందే అనే కోర్టులు ఉన్నాయి. బెంగళూరు నుంచి రాగలిగితే రావడమే మంచిది.

వచ్చే రోజును జాగ్రత్తగా ఎంచుకోండి. సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. శుక్రవారం సాయంత్రం, వరుస సెలవులకు ముందు రోజు వద్దే వద్దు. ఆ రోజు ఏదైనా తేడా వస్తే కోర్టు మళ్లీ తెరిచేదాకా ఆగాలి. మెజిస్ట్రేటు సెలవులో ఉన్నారేమో ముందు రోజే కనుక్కోండి, ఇన్‌చార్జి మెజిస్ట్రేటు ఇంకో కోర్టు వారెంట్ ముట్టుకోవడానికి వెనకాడతారు. పొద్దున్నే వకాలత్, పిటిషన్, అఫిడవిట్ బెంచి క్లర్కు దగ్గర పడాలి.

షూరిటీలను అదే రోజు వెంట తీసుకెళ్లండి. చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు: ముందు ఆర్డరు రానీ, తర్వాత జామీనుదారులను వెతుకుదాం అనుకుంటారు. కోర్టు వారెంట్ రద్దు చేసి ఇద్దరు షూరిటీలతో కొత్త బాండు ఇమ్మంటే, ఆ కాగితాలు పూర్తయ్యేదాకా మీ తమ్ముడు కోర్టు హాల్లోనే కూర్చోవాలి. సాయంత్రం కోర్టు లేచేలోపు షూరిటీలు రాకపోతే రిమాండుకు పంపే ప్రమాదం ఉంది. ఇద్దరు మనుషులు, వాళ్ల ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువ ధ్రువపత్రం, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెటు, గుర్తింపు కార్డు సిద్ధంగా ఉంచండి. ఆ కోర్టు ఏ కాగితాలు ఒప్పుకుంటుందో వకీలు గుమాస్తాకు బాగా తెలుస్తుంది. కొన్నిసార్లు సొంత పూచీ చాలంటారు, కొన్నిసార్లు కొంత ఖర్చులు కట్టమంటారు. కడితే రసీదు అడగండి.

ఈలోగా పోలీసులు పట్టుకుంటే? వారెంట్ చూపించమని అడిగే హక్కు 77వ సెక్షన్ ఇస్తుంది. అందులో మెజిస్ట్రేటు సంతకం, కోర్టు ముద్ర ఉండాలి. ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో కోర్టు ముందు పెట్టాలి. బెంగళూరులో పట్టుకుంటే, వారెంట్ ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు లేదు కాబట్టి అక్కడి మెజిస్ట్రేటు ముందో, పోలీసు ఉన్నతాధికారి ముందో హాజరుపరచాలి. నేరం బెయిలబుల్ అయితే అక్కడే బెయిలు అడగవచ్చు. కాబట్టి అక్కడ ఒక వకీలు ఫోన్ నంబరు మీ తమ్ముడి దగ్గర ఉండాలి. వకీలుకు డబ్బు లేనివాళ్లు న్యాయ సేవాధికార సంస్థ 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం చూడకుండా ఉచిత వకీలును ఇస్తారు.

ఒక జాగ్రత్త. మీ ఇంటికి కానిస్టేబుల్ వచ్చాడు కాబట్టి మీది నిజమైన వారెంటే అయ్యుండవచ్చు. కానీ ఇలాంటి భయంలో ఉన్న ఇళ్లకు వీడియో కాల్ చేసి, వాట్సాప్‌లో వారెంట్ బొమ్మ పంపి, డబ్బు కడితే రద్దు చేస్తామనేవాళ్లు దొంగలు. ఏ వారెంటూ ఫోన్లో డబ్బు కడితే రద్దు కాదు. అలాంటి ఫోన్ వస్తే 1930కి చెప్పండి.

వారెంట్ రద్దయ్యాక ఇంటికి పరుగెత్తకండి, ఒక పని మిగిలి ఉంటుంది. రద్దయిన సంగతి కోర్టు నుంచి స్టేషన్‌కు చేరేలోపు వారెంట్ కాగితం కానిస్టేబుల్ జేబులోనే ఉంటుంది. రద్దయిన వారెంట్ మీద మనిషిని అరెస్టు చేసిన రఘువంశ్ భాసిన్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వారెంట్లకు నంబర్లు, రిజిస్టర్లు ఉండాలని 2011లో ఆ తీర్పులో చెప్పాల్సి వచ్చింది. కాబట్టి ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి అదే రోజు దరఖాస్తు పెట్టండి, రీకాల్ మెమో స్టేషన్‌కు వెళ్లిందో లేదో కోర్టు కానిస్టేబుల్ దగ్గర కనుక్కోండి, ఒక కాపీ మీరే స్టేషన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇంకో కాపీ మీ తమ్ముడు కేసు ముగిసేదాకా వెంట ఉంచుకోవాలి. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలనుకుంటే కూడా అది కావాలి, వారెంట్ ఉందన్న కారణంతో పాస్‌పోర్టు నిరాకరించే వీలు 1967 చట్టంలో ఉంది.

తర్వాతి వాయిదాకే ఫిర్యాదుదారుణ్ని వెంటబెట్టుకెళ్లి రాజీ పిటిషన్ వేయండి. సెక్షన్లు వీలుంటే అది నిర్దోషిగా విడుదలతో సమానం. వీలుకాకపోతే ప్రతి వాయిదాకు బెంగళూరు నుంచి రావడం కష్టం కాబట్టి, రాలేని రోజున 355 సెక్షన్ కింద గైర్హాజరు పిటిషన్ కేసు పిలుపుకు ముందే పడాలి. ఒక్క రోజు మరిచిపోయినా మళ్లీ వారెంట్ వస్తుంది, రెండోసారి రీకాల్ మొదటిసారంత తేలిగ్గా ఉండదు. ఇక మీ తమ్ముడి ఇప్పటి చిరునామా, ఫోన్ నంబరు ఒక మెమోగా కోర్టులో దాఖలు చేయించండి. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ ఆ మెమో మళ్లీ వేయాలి.